గోనె నుంచి చేతిసంచి

ఇపోలో లిటిల్ ఇండియా అంగళ్లకు పోయేటప్పుడు చేతిలో సంచి ఉండవలసిన కాలం మళ్లీ వచ్చింది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టికును 2030 నాటికి మాన్పించాలని మలేషియా ప్రభుత్వం 2018లో ప్రణాళిక ప్రకటించింది. అందుకోసం మళ్లీ కొత్త సంచులు కొనడం మాకు నచ్చదు. ఖాళీ అయిన పది కిలోల బియ్యపు సంచి, పాత నూలుచీర ఉంటే చాలు.

ఈ పని మనకు కొత్త కాదు. మన పెద్దలు తోటల్లో పనిచేసిన రోజుల్లో రంగూన్ బియ్యం గోనెల్లో వచ్చేది. ఖాళీ గోనె పరుపయ్యేది, వానకు గొడుగయ్యేది. 1941–45 జపాను పాలనలో గుడ్డ కరువై, గోనెనే ఒంటికి చుట్టుకున్నవారున్నారు. అందువల్లనే కాబోలు, కొన్ని ఇళ్లలో గోనెను పేదరికపు గుర్తుగా చూస్తారు. మేము అలా తలచము.

మలాయ్ భాషలోని ‘గూని’ మన గోనెకు చుట్టమే. (తెలుగులో గూని అంటే మరొకటి. నవ్వకండి!) మన పిల్లలకు గూని తెలుసు, గోనె తెలియదు. దబ్బనం, బొంత అన్నా తెల్లమొహం వేస్తారు. వారిని పక్కన కూర్చోబెట్టుకొని కుట్టండి. పనితోపాటు మాటా వస్తుంది.

బియ్యపు సంచి అడుగు కుట్టు అలాగే ఉంచి, 45 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించండి. తిరగేసి, అడుగు మూలలు రెండింటినీ త్రికోణంగా మడిచి అడ్డంగా కుడితే సంచి నిలబడుతుంది. చీరతో అదే కొలతకు లోసంచి కుట్టి లోపల పెట్టండి. పై అంచును రెండు మడతలు లోపలికి మడిచి, రెండూ కలిపి కుట్టండి. ఇస్త్రీ పెట్టవద్దు, కరిగిపోతుంది. మడతను గరిటె వెనుకతో నొక్కితే చాలు.

ముఖ్యమైన సంగతి కుట్టులో ఉంది. ఈ ప్లాస్టికు నేతలో సూది చేసిన రంధ్రం మళ్లీ పూడదు. కుట్లు మరీ దగ్గరైతే తపాలా బిళ్లల కాగితంలా అక్కడే చిరుగుతుంది. అందుకని 16వ నంబరు సూది పెట్టి, ఒక్కొక్క కుట్టు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచండి.

కాడల సంగతి వేరు. అంగడి సంచి తెగేది ఎక్కువగా అక్కడే. బొంత కుట్టే అవ్వలకు దీని కిటుకు తెలుసు. నలిగిన చీర ఒక పొరగా బరువు మోయదు, నాలుగు పొరలు కలిపి కుడితే మోస్తుంది. చీర నడిమి గుడ్డకంటే అంచు నేత గట్టిది గనుక కాడలకు అంచే తీసుకోండి. 65 సెంటీమీటర్ల ముక్కలు రెండు, ఒక్కొక్కటి నాలుగు మడతలు. కొసలు సంచి మీద ఆరు సెంటీమీటర్లు కిందికి దించి, లోపలి వైపు ఒక గుడ్డముక్క ఆనించి, చదరంగా కుట్టి, మధ్యలో అడ్డదిడ్డంగా రెండు గీతలు కుట్టండి. చేతితో కుట్టేవారు దారాన్ని రెండు పోగులు చేసుకోవాలి.

సంచిని ఎండలో ఉంచవద్దు, ప్లాస్టికు నూలు పెళుసెక్కి పొడిగా రాలుతుంది. చేపలకు లైనింగు లేని సంచి వేరే కుట్టుకోండి. నీళ్లతో కడిగి నీడన ఆరవేస్తే వాసన పోతుంది.