కాన్సరు నయమైన పిదప

పట్టణపు ఆసుపత్రిలో నోటి కాన్సరుకు చికిత్స పొంది, గండము గడచినదని ఇల్లు చేరినవారు మన గ్రామములలో ఎందరో కలరు. ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు స్త్రీలకు, అనగా చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చువారికి, అంగిలిలో ఈ వ్యాధి కలుగుట వైద్యులు చిరకాలముగా నెరిగినదే. ఇట్టివారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు పర్యవేక్షణ ఏల అవసరమో ఇచట వివరింతుము.

మొదటిది పరీక్ష. వ్యాధి మరల తలయెత్తినచో తరచు మొదటి రెండు, మూడు సంవత్సరములలోనే తలయెత్తును. మొదటి యేడు 1 నుండి 3 నెలల కొకమారు, రెండవ యేడు 2 నుండి 6 నెలల కొకమారు, పిదప అయిదవ యేటి వరకు 4 నుండి 8 నెలల కొకమారు, అటుపై ఏటేట పరీక్ష జరుగవలెను. చికిత్స చేసిన ఆసుపత్రివారి గడువులు తప్పరాదు. ఈ నడుమ నోటిలో మానని పుండు గాని, తెల్లని లేక ఎర్రని మచ్చ గాని, మెడలో గడ్డ గాని కనిపించినచో గడువుకై వేచియుండక స్థానిక డాక్టరుకు చూపవలెను.

రెండవది పళ్ల సంరక్షణ. పల్లెలలో 'కరెంటు' అని వ్యవహరించు రేడియేషను చికిత్స వలన లాలాజలము తగ్గి, పళ్లు త్వరగా పుచ్చును. దవడ యెముకకు రక్తప్రసారము తగ్గుటచే, పన్ను పీకిన గాయము మానక యెముకయే చెడవచ్చును. ఈ ప్రమాదము ఏండ్ల తరబడి ఉండును. కావున పన్ను నొప్పి కలిగినపుడు, తమకు రేడియేషను జరిగినదని దంతవైద్యునికి ముందుగా తెలుపవలెను.

మూడవది థైరాయిడు గ్రంథి. మెడకు రేడియేషను పొందినవారికి నెలల, ఏండ్ల పిదప నైనను ఈ గ్రంథి మందగింపవచ్చును. నిస్సత్తువ, మలబద్ధకము, చలికి ఓర్వలేకపోవుట, బరువు పెరుగుట దీని లక్షణములు. దీనిని ఉత్త నీరసమని తలచి సెలైను ఎక్కించుకొనుట వలన ప్రయోజనము లేదు. 6 నుండి 12 నెలల కొకమారు రక్తపరీక్ష చేయించినచో తెలియును. దినమున కొక మాత్రతో ఈ లోపము సరిపడును.

పొగాకు మానుట అన్నిటికంటె ముఖ్యము. మానలేనివారు 1800-11-2356 అను ఉచిత ఫోనుకు మాట్లాడి సలహా పొందవచ్చును. కాన్సరు అంటువ్యాధి కాదు. నయమైనవారిని వేరు కంచమున, వేరు మూలను ఉంచుట అన్యాయము.

తుదకు మేము మనవి చేయున దొక్కటి. ఆసుపత్రివారు ఇచ్చిన డిశ్చార్జి కాగితమును పట్టాదారు పాసుపుస్తకమువలె భద్రపరచుడు. ఏ వైద్యుని కడకు వెళ్లినను మొదట దానిని చూపుడు. జరిగిన చికిత్స యేదో తెలిసిన డాక్టరే రాబోవు ముప్పును ముందుగా కనిపెట్టగలడు.