ఊరికో శ్రుతి.. వేణువుకో పొడవు
మూడొందల ఏళ్ల నాటి యూరప్ సంగీతం ఏ శ్రుతిలో పలికిందో చెప్పే సాక్షి.. చెక్క రికార్డర్

'శ్రుతి ఎంత?'

పద్య నాటకం మొదలయ్యే ముందు హార్మోనియం మాస్టారు నటుణ్ని అడిగే మాట ఇది. నాలుగంటే నాలుగు, అయిదంటే అయిదు. పాడేవాడి గొంతును బట్టి ఆయన మెట్టు మార్చుకుంటాడు. మరి చేతిలో ఉన్నది కర్ర గొట్టమైతే? పొడవు తేల్చి, రంధ్రాలు పెట్టేశాక దాని శ్రుతి పెద్దగా మారదు. ఇంకో శ్రుతి కావాలంటే ఇంకో వేణువు పట్టుకోవాల్సిందే.

యూరప్‌లో రికార్డర్ వాయించేవారికి ఇదే పెద్ద చిక్కు. రికార్డర్ అంటే టేప్ రికార్డర్ కాదు. ఈల లాంటి మూతితో, నిలువుగా పట్టుకుని ఊదే చెక్క వేణువు. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన బరోక్ కాలంలో దీనికి మంచి గిరాకీ ఉండేది. బాఖ్, హాండెల్, వివాల్డి, టెలిమాన్ వంటి మహామహులు దీనికోసం సంగీతం రాశారు.

రెండు మెట్లు కింద.. ఒక మెట్టు పైన

ఇప్పుడు సాధారణంగా 'ఎ' అనే స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర ఉంచుతారు. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ లెక్కకు ఒప్పుకుంది. 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా దీన్నే సిఫారసు చేసింది. బరోక్ కాలంలో అలాంటి ఒప్పందమేదీ లేదు. ఫ్రాన్స్‌లో 392 దగ్గర వాయించేవారు. జర్మనీలో చాలాచోట్ల కచేరీ వాద్యాలు 415 దగ్గర, చర్చి ఆర్గాన్లు 466 దగ్గర పలికేవి. హార్మోనియం లెక్కలో చెప్పాలంటే 392 ఇప్పటికంటే రెండు మెట్లు కింద. 415 ఒక మెట్టు కింద. 466 ఒక మెట్టు పైన.

బాఖ్‌కూ ఈ తిప్పలు తప్పలేదు. 1723లో ఆయన లైప్‌జిగ్ చర్చిల సంగీత బాధ్యత తీసుకున్నాడు. అక్కడి ఆర్గాన్లు మిగతా వాద్యాల కంటే రెండు మెట్లు ఎక్కువ శ్రుతిలో ఉండేవి. అందుకని ఆర్గాన్ వాయించేవారికి రెండు మెట్లు తగ్గించి వేరే కాగితం రాసిచ్చేవారు. పాట ఒక్కటే, కాగితాలు మాత్రం వేర్వేరు శ్రుతుల్లో! ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాషతో నెట్టుకొచ్చే సరిహద్దు జనానికి ఈ సర్దుబాటు కొత్తేమీ కాదు.

అయితే అందరూ సర్దుకుపోలేదు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు వేణువు నేర్పిన క్వాంట్జ్, 1752లో అచ్చయిన తన పుస్తకంలో ఊరికో శ్రుతి ఉండటం సంగీతానికే చేటని వాపోయాడు. అడ్డంగా పట్టుకుని ఊదే వేణువు వాళ్లు నడిమి ముక్కలు రెండు మూడు వెంట ఉంచుకుని, అవసరాన్ని బట్టి మార్చుకునేవారు. రికార్డర్‌తో ఆ వెసులుబాటు తక్కువ. తల ముక్కను కాస్త బయటికి లాగితే శ్రుతి కొంచెం దిగుతుంది. మరీ లాగితే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. పోనీ గట్టిగా ఊదుదామా అంటే శ్రుతి ఎక్కిపోతుంది.

పొడవు పెరిగితే గొంతు మారుతుంది

తమిళనాడులో నాదస్వరం విన్నవారికి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. తిమిరి పొట్టిది, శ్రుతి ఎక్కువ. బారి పొడవైనది, శ్రుతి తక్కువ. టి.ఎన్. రాజరత్నం పిళ్లై బారిని చేపట్టి ప్రాచుర్యంలోకి తెచ్చాక నాదస్వరం గొంతే మారిపోయింది. రికార్డర్‌దీ అదే తీరు. ఒక్కో మెట్టు దిగడానికి సుమారు 6 శాతం పొడవు పెరగాలి. 392 రికార్డర్ మీద రంధ్రాలు ఎడంగా ఉంటాయి, వేళ్లు సాగదీయాలి. నాదం నిండుగా, మెత్తగా వస్తుంది.

18వ శతాబ్దం ముగిసేసరికి రికార్డర్ మూలన పడింది. దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఆర్నాల్డ్ డోల్మెచ్. లండన్‌లో పనిచేసిన పాతకాలపు పనివాడు బ్రెస్సాన్ చేసిన రికార్డర్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. 1919లో వాటర్లూ రైల్వే స్టేషన్‌లో చిన్న కొడుకు కార్ల్ చేతిలోంచి ఆ సంచి పోయింది. డోల్మెచ్ దిగులు పడి కూర్చోలేదు. తాను తీసిపెట్టుకున్న కొలతలతో కొత్తది తయారుచేశాడు. నేటి రికార్డర్లకు దారి వేసింది ఆ నష్టమే.

ఆ తర్వాత రికార్డర్ బడుల్లోకి వెళ్లింది. పియానోతో కలవాలి కాబట్టి 440కి తయారైంది. ప్లాస్టిక్‌వీ వచ్చాయి. పాత కొలతలను కుదించేసరికి పాత గొంతు మరుగునపడింది. 1970ల్లో నెదర్లాండ్స్ విద్వాంసుడు బ్రూగెన్ బరోక్ నాటి అసలు రికార్డర్ల మీదే వాయించి రికార్డులు ఇచ్చాక తేడా ఏమిటో జనానికి చెవులారా తెలిసింది.

415 కూడా రాజీయే

ఇప్పుడు బరోక్ కచేరీల్లో 415 మామూలైపోయింది. అదీ అసలు లెక్క కాదు. 440కి సరిగ్గా ఒక మెట్టు కింద ఉండటం వల్ల హార్ప్సికార్డ్ మెట్ల వరుసను ఒక్క మెట్టు పక్కకు జరిపితే రెండు శ్రుతులూ దొరుకుతాయి. ఆ సౌకర్యం కోసం ఎంచుకున్న అంకె అది. బ్రెస్సాన్ రికార్డర్లు చాలావరకు అంతకంటే కాస్త కిందే పలుకుతాయి. ఆయన చేసిన నాలుగు రికార్డర్ల జట్టు ఇంగ్లండ్‌లోని చెస్టర్ నగరంలో, గ్రోవెనర్ మ్యూజియంలో ఉంది. ఇలాంటి పాత కర్రను ఇష్టం వచ్చినంత సేపు ఊదడానికి లేదు. ఊపిరి తడికి పగుళ్లిస్తుంది. అందుకే పనివాళ్లు వాటి కొలతలు తీసుకుని నకళ్లు చేస్తున్నారు.

కాగితం మీద రాసిన స్వరం ఏ శ్రుతిలోనైనా ఒకేలా కనిపిస్తుంది. అది ఏ ఊళ్లో ఎంత ఎత్తున పలికిందో కర్ర చెబుతుంది. అందుకే నేటి రికార్డర్ విద్వాంసుల పెట్టెలో ఒకే రకం వేణువు మూడు నాలుగు పొడవుల్లో ఉంటుంది. కచేరీకి పిలుపు వస్తే ముందు తేలాల్సింది మన హార్మోనియం మాస్టారు అడిగే సంగతే.. శ్రుతి ఎంత?