గండికోట నుంచి ఒంటిమిట్ట దాకా

భూమిపై సంచరించి, గతించినవారి పర్యవసానం గమనించమని దివ్యఖుర్ఆన్ పదే పదే బోధిస్తుంది. అందుకు దూరదేశాలకే పోనక్కర్లేదు. మన కడప సీమలో ఒక్కరోజు ప్రయాణం చాలు.

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళితే గండికోట. ఒకవైపు పెన్నా నది కోసిన లోతైన లోయ, మరోవైపు ఎర్రరాతి గోడలు. పెమ్మసాని నాయకుల ఈ కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా జయించాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో ఆయన్ను ఇక్కడే కలుసుకున్నాడు. జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి ఆలయం ఒకే కోటలో నేటికీ నిలిచి ఉన్నాయి. జయించిన మీర్ జుమ్లా మాత్రం 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ దారిలోనే కన్నుమూశాడు. ఎంతటి అధికారమైనా నాలుగు రోజుల ముచ్చటే!

అక్కడి నుంచి నవాబులేలిన కడప. ఈ సీమను నిజాం 1800లో ఆంగ్లేయులకు అప్పగించాడు. కడప దాటాక కాస్త పక్కకు తిరిగితే, పెన్నా ఒడ్డున సిద్ధవటం కోట.

రాజంపేట రోడ్డులోనే ఒంటిమిట్ట. కోదండరామాలయం వద్ద యాత్రికుల దాహం తీర్చేందుకు ఇమాంబేగ్ అనే నవాబు ప్రతినిధి బావి తవ్వించాడని ప్రసిద్ధి. జనం నేటికీ దాన్ని ఇమాంబేగ్ బావి అంటారు. కోటలు గెలిచినవారి పేర్లు పుస్తకాల్లో వెతుక్కోవాలి. నీళ్లిచ్చినవాడి పేరు ఊరి నోట్లో ఉంది. సదఖా జారియా అంటే ఇదే కదా!

సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్లండి. కోటగోడలపై పేర్లు గీకబోతే వారించండి. పేరు ఎలా నిలుస్తుందో ఆ బావి దగ్గర చెప్పండి.