కావలి కుక్క: చేనుకు అండ, అడవి దారిలో ముప్పు

మార్చి నెల ప్రవేశించగానే ఆదిలాబాద్ అడవులలో ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. రాత్రంతా రాలిన పూలను ఏరుకోవడానికి పేద కుటుంబాలవారు తెల్లవారకముందే చెట్ల కిందికి చేరుకుంటారు. అదే పూల కోసం, అదే వేళకు ఎలుగుబంటి కూడా వస్తుంది. ఏప్రిల్, మే నెలలలో తునికాకు సేకరణ, వానాకాలంలో పశువుల మేపు, చలికాలంలో పత్తి తీత. ఇలా సంవత్సరం పొడవునా మనిషీ వన్యమృగమూ ఒకే దారిన నడిచే ప్రాంతం మనది.

ఈ పరిస్థితిలో అడవి అంచున జీవించే కుటుంబాలకు కొన్ని ప్రశ్నలు కలగడం సహజం. రక్షణ కోసం కుక్కను పెంచుకోవచ్చునా? పెంచితే ఎటువంటి దానిని ఎంచుకోవాలి? దానిని వెంటబెట్టుకుని అడవిలోకి వెళితే ప్రాణానికి భద్రత ఉంటుందా? మొదటి రెండు ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబులున్నాయి. మూడవ ప్రశ్నకు జవాబు మాత్రం చాలామంది ఊహించినట్లు ఉండదు. చేనును, మందను కాచే కుక్క అడవి దారిలో తన యజమాని మీదికే ప్రమాదాన్ని తీసుకురాగలదు.

మన గుట్టలలో మసలే మృగం

తెలంగాణ పల్లెల్లో ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటారు. దానికి చూపు మందం, వినికిడి కూడా అంతంతమాత్రమే. వాసన పసిగట్టే శక్తి మాత్రం అమోఘం. చెదపురుగులు, చీమలు, తేనె, ఇప్పపూలు, తునికి పండ్లు, రేగుపండ్లు, రేలకాయలు దాని ఆహారం. మనిషిని తినాలన్న కోరిక దానికి లేదు. అయినా మనుషులపై దాని దాడులు తీవ్రంగా ఉంటాయి. తలవంచుకుని పుట్టను తవ్వుకుంటున్న ఎలుగుబంటికి మనిషి రాక చివరి క్షణం వరకు తెలియదు. తెలిసేసరికి ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం కూడా ఉండదు. తరతరాలుగా పులులున్న అడవిలో బతికిన జంతువు కావడంతో, పారిపోవడం కంటే ఎదురు తిరగడమే దానికి అలవాటయింది. పిల్లలను వీపున మోసుకు తిరిగే తల్లి ఎలుగు మరింత ప్రమాదకారి. దాని గోళ్లు సుమారు పది సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. గాయాలు ఎక్కువగా ముఖానికి, తలకు తగులుతాయి.

ఇది కేవలం అడవి పల్లెల సమస్య కాదు. కరీంనగర్ చుట్టూ ఉన్న రాతిగుట్టల గుహలు ఎలుగుబంట్లకు నివాసాలు. గ్రానైట్ క్వారీల తవ్వకాలతో ఆ గుట్టలు తరిగిపోతున్నకొద్దీ అవి జనావాసాల వైపు వస్తున్నాయి. 2023లో కరీంనగర్ శివారు రేకుర్తి ప్రాంతంలోకే ఒక ఎలుగుబంటి ప్రవేశించి కలకలం రేపింది. ఫజ్ర్ నమాజు కోసం చీకటి వేళ మస్జిదుకు నడిచి వెళ్లే శివారు కాలనీల వృద్ధులకు కూడా ఈ విషయం వర్తిస్తుంది.

గోదావరికి ఉత్తరాన పులి కూడా ఉంది. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యంగా మారింది. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుండి పులులు ఈ వైపు వస్తూ పోతూ ఉంటాయి. 2020 నవంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు పులి దాడిలో మరణించారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పనిచేస్తున్న ఒక యువతి ప్రాణాలు కోల్పోయింది. ఆ తరువాత అటవీ శాఖ కూలీలకు తల వెనుక ధరించే ముఖతొడుగులను పంచింది. పులి సాధారణంగా వెనుక నుండి దాడి చేస్తుంది. తల వెనుక కూడా ముఖం కనిపిస్తే అది వెనుకాడుతుందన్నది ఆ ఉపాయంలోని ఆలోచన.

ధర్మం అనుమతించిన అవసరాలు

కుక్క పేరెత్తగానే మన ఇళ్లలో సంకోచం కలుగుతుంది. ఆ సంకోచానికి ఆధారం ఉంది, దానికి హద్దు కూడా ఉంది. కేవలం ముచ్చట కోసం కుక్కను పెంచేవారి సత్కార్యాల నుండి ప్రతిదినం కొంత పుణ్యం తరిగిపోతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హెచ్చరికలోనే మూడు మినహాయింపులు కూడా ఉన్నాయి: పశువుల మంద కాపలా, వ్యవసాయ క్షేత్రం కాపలా, వేట. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలోనూ సహీహ్ ముస్లింలోనూ ఉంది. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 4వ ఆయతు శిక్షణ పొందిన వేటజంతువులను ప్రస్తావించి, ఆ శిక్షణ కూడా అల్లాహ్ ప్రసాదించిన జ్ఞానంలోనిదేనని తెలుపుతోంది. అల్ కహఫ్ సూరాలో గుహవాసులైన విశ్వాసులతో పాటు, గుహ ముంగిట ముంగాళ్లు చాచి ఉన్న వారి కుక్క కూడా ప్రస్తావనకు నోచుకుంది.

కాబట్టి గొర్రెల మంద ఉన్న కుటుంబం, అడవి అంచున చేను ఉన్న రైతు కావలి కుక్కను పెంచడంలో దోషం లేదు. నిజమైన ప్రమాదం ఉన్నచోట ఇంటి కాపలాకు కూడా ఈ అనుమతిని వర్తింపజేసిన పండితులు ఉన్నారు. శుచి విషయంలో హనఫీ, షాఫయీ పండితులు కుక్క లాలాజలాన్ని అపవిత్రంగా పరిగణించారు. మాలికీ పండితుల అభిప్రాయం ఇందుకు భిన్నం. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మార్గం ప్రకారం పొడిగా ఉన్న కుక్క ఒళ్లు బట్టలకు తగిలినంత మాత్రాన అవి అపవిత్రం కావు, లాలాజలం తగిలితే కడుక్కోవాలి. ఆచరణలో దీనికి సులువైన ఏర్పాటు ఉంది. కుక్క స్థానం దొడ్డి వద్ద, మంచె కింద, ప్రహరీ గేటు పక్కన ఉండాలి, నమాజు చేసుకునే గదిలో కాదు. దాని గిన్నె దానికే ప్రత్యేకంగా ఉండాలి. సందేహాలుంటే మీ ఊరి ఆలిములను సంప్రదించండి.

మొరుగుతుంది, మృగాన్ని వెంట తెస్తుంది

ఇక అడవి నడక విషయానికి వద్దాం. కుక్క తోడుంటే ఎలుగుబంటి బెదిరి పారిపోతుందన్న నమ్మకం ప్రపంచమంతటా ఉంది. కాని అనుభవం వేరే పాఠం చెబుతోంది. ఉత్తర అమెరికాలో నల్ల ఎలుగుబంట్ల దాడులను స్టీఫెన్ హెరెరో తదితర పరిశోధకులు పరిశీలించగా, 2010 తరువాతి కొన్నేళ్లలో జరిగిన దాడులలో సగానికి పైగా ఘటనలలో కుక్క ప్రమేయం కనిపించింది. కారణం గ్రహించడం కష్టం కాదు. పగ్గం లేని కుక్క వాసన పట్టి పొదలోకి దూసుకుపోతుంది, మొరిగి ఎలుగును రెచ్చగొడుతుంది. ఎలుగు తిరగబడగానే భయంతో యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. దాని వెనుకే ఎలుగు. అక్కడి అడవులలో తిరిగే మూస్ అనే భారీ దుప్పి కూడా కుక్కను తన శత్రువైన తోడేలుగా భావించి మీదికి వస్తుంది.

నల్ల ఎలుగుబంటి సాధారణంగా తప్పుకుపోయే స్వభావం గలది. దాని విషయంలోనే ఇలా ఉంటే, ఎదురు తిరగడమే అలవాటైన మన గుడ్డెలుగు సంగతి చెప్పనక్కరలేదు. పైగా చిరుతపులికి కుక్క ఇష్టమైన ఆహారం. చిరుత తిరిగే గుట్ట దారిలో కుక్కను వెంటబెట్టుకోవడమంటే ఎరను వెంట తీసుకెళ్లడమే. హిమాలయాలలోని గద్దీ కాపరులు తమ కుక్కల మెడలకు ముళ్ల ఇనుప పట్టీలు తొడిగేది ఈ చిరుత భయంతోనే.

ఎలుగుబంట్లను తరిమే కుక్కలు లేకపోలేదు. ఫిన్లాండ్ ప్రాంతపు కరేలియన్ జాతి కుక్కలను అమెరికాలోని విండ్ రివర్ సంస్థ 1996 నుండి, జపాన్‌లోని కరుయిజావాలో పిక్కియో సంస్థ 2004 నుండి ఈ పనికి వినియోగిస్తున్నాయి. అయితే వాటిని నడిపించేవారు శిక్షితులైన నిపుణులు. ఊరి వైపు వచ్చిన ఎలుగును తిరిగి అడవిలోకి పంపడం వాటి పని, బాటసారికి తోడు పోవడం కాదు. చలిదేశపు దట్టమైన బొచ్చు గల ఆ కుక్క ఆదిలాబాద్ మే నెల ఎండకు తాళలేదు కూడా.

చట్టాన్ని సైతం గుర్తుంచుకోవాలి. ఎలుగుబంటి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు. కుక్కలతో వన్యమృగాన్ని తరిమించడం ఆ చట్టం దృష్టిలో వేటే. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడమే నేరం.

చేనుకు, మందకు తగిన కుక్క

కుక్క సేవ నిజంగా ఉపకరించేది ఒకచోట నిలిచి కాసే పనిలో. అడవిపందులు చేను తొక్కకుండా, మృగం దొడ్డి దాపులకు రాకుండా అది ముందుగా హెచ్చరిస్తుంది. టర్కీ కాపరులు శతాబ్దాలుగా తమ మందలకు పెద్ద కుక్కలను కాపలా ఉంచుతున్నారు. ఆ అనతోలియా జాతినే ఆఫ్రికాలోని నమీబియాలో 1994 నుండి చీతాల సంరక్షణ సంస్థ రైతులకు అందిస్తోంది. కుక్క మందను కాస్తే రైతుకు చీతాను చంపవలసిన అవసరం కలగదు. ఇందువల్ల మందా మిగులుతుంది, మృగమూ బతుకుతుంది.

మనకు దూరదేశపు జాతులు అవసరం లేదు. పొట్టి బొచ్చు, మధ్యమ శరీరం, ఎండను ఓర్చుకునే గుణం గల మన ఊరికుక్కే ఈ పనికి సరిపోతుంది. గొల్ల, కురుమ కాపరుల మందలలో పెరిగిన కుక్కల పిల్లలు దొరికితే మరీ మంచిది. కొల్లేటి తీరపు జోనంగి వంటి తెలుగు నేల జాతి కూడా ఉంది. కర్ణాటక ముధోల్ జాతి వేగానికి పేరుపడింది. వెంటాడే స్వభావం ఎక్కువ గనుక అడవి పక్కన అది తగినది కాదు.

ఎంపికలో ఈ అంశాలు గమనించండి. పిల్లకు రెండు నెలలు నిండేదాకా తల్లి నుండి వేరు చేయరాదు. చప్పుడు వినగానే వణికి మూలకు చేరేదీ వద్దు, దూకి కరిచేదీ వద్దు. ఒక్క క్షణం ఆగి, చెవులు నిక్కించి, చప్పుడు వైపు చూసే పిల్లను ఎంచుకోండి. తల్లి పిల్లలను, మేకలను చూసి ఎలా ప్రవర్తిస్తుందో గమనించండి. పిలవగానే వెనుదిరిగి రావడం దానికి నేర్పవలసిన మొదటి పాఠం. మొరిగి హెచ్చరించి, తన చోటు విడవని కుక్కే మంచి కాపలాదారు. మృగం వెంట పరుగెత్తేది ఎంత ధైర్యంగలదైనా మనకు పనికిరాదు.

తీసుకున్నాక బాధ్యత

కాపలా కోసం అనుమతి లభించిందంటే కుక్కను నిర్లక్ష్యం చేసే హక్కు లభించినట్లు కాదు. దప్పికతో అల్లాడుతున్న కుక్కకు తన మేజోడుతో బావిలోని నీరు తోడి తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపారు. మూగజీవాల సేవకు ప్రతిఫలం ఉందని బోధించారు. మన రాత్రులను కాచే ప్రాణికి రోజూ తిండి, నీరు, నీడ సమకూర్చడం మన విధి. కుక్కను అకారణంగా గంటల తరబడి గొలుసుతో కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి, ప్రతి ఏటా తిరిగి వేయించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవారు అత్యంత అరుదు. కుక్క కరిస్తే పసుపు, కారం వంటివి పూయకుండా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. అన్ని మోతాదులూ పూర్తి చేయాలి. డిస్టెంపర్ టీకా కూడా ముఖ్యం. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో పలు సింహాల మరణానికి ఆ వ్యాధి వైరస్ కారణమైంది. కుక్కల నుండి అది వన్యమృగాలకు సోకగలదు.

అడవి దారిన నడిచేటప్పుడు

తెల్లవారుజామున, సంధ్యవేళ ఒంటరిగా వెళ్లకండి. ముగ్గురు నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో నేలను తడుతూ నడవండి. చూపు మందమైన జంతువుకు దూరం నుండే మన ఉనికి తెలిస్తే అది తప్పుకుంటుంది. ఇప్పపూల కోసం సూర్యోదయమయ్యాకే వెళ్లండి. రాతిగుహల దాపుకు, దట్టమైన పొదలలోకి పోకండి. చీకటి వేళ మస్జిదుకు వెళ్లేవారు టార్చిలైటు తప్పక వెంట ఉంచుకోండి, పొరుగువారిని కలుపుకుని బయలుదేరండి.

ఎలుగు కనబడితే పరుగెత్తవద్దు, అరుస్తూ రాళ్లు విసరవద్దు. అది మిమ్మల్ని గమనించకపోతే నెమ్మదిగా వెనుకకు తగ్గండి. చెట్టెక్కడం వృథా, అది కూడా ఎక్కగలదు. గుంపుగా ఉంటే విడిపోకుండా కర్రలు ముందుకు చాచి నిలబడండి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనుక బిగించి ముఖాన్ని కాపాడుకోండి. దాడి జరిగితే ఆసుపత్రితో పాటు అటవీ శాఖ సిబ్బందికి వెంటనే తెలియజేయండి, పరిహారానికి ఆ నమోదు అవసరం.

ఇప్పపూల కాలం రాకముందే ఇంట్లో అందరూ కూర్చుని ఎవరు ఎవరితో వెళ్లాలో, ఏ వేళకు బయలుదేరాలో నిర్ణయించుకోండి. కుక్కను ఆ ఉదయం దొడ్డి వద్దనే ఉంచండి. మీరు వచ్చేవరకు అది మందను కాస్తుంది.