ఇరవై ఏడు కార్తెల ఊరు



"మీ సొంత ఊరు ఎలా ఉంటుంది?" అని తరగతిలో అడిగితే మన తెలుగు పిల్లలు దాదాపు ఒకే జవాబు చెబుతారు. "బాగా ఎండగా ఉంటుంది సార్. మామిడిపళ్ళు తింటాం. మధ్యాహ్నం బయటికి పోనివ్వరు." వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. అమ్మానాన్నలది బదిలీల ఉద్యోగం. ఊరికి వెళ్ళేది వేసవి సెలవుల్లోనే. కాబట్టి ఊరంటే వాళ్ళకు ఎండే.

మేమూ అలాంటి కుటుంబమే. రాజస్థాన్, జార్ఖండ్, అస్సాం అంటూ పెట్టెలు సర్దుకుని తిరుగుతున్నాం. మా అమ్మాయి ఐదో తరగతికి వచ్చేసరికి నాలుగు పాఠశాలలు మారింది. మా ఊరు అనంతపురం జిల్లాలో ఉంది. అక్కడ తాత, అవ్వ ఉంటారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తారు.

ఒక జూన్ నెలాఖరులో తాత అడిగాడు: "ఏం పాపా, ఆడ ఆరుద్ర వాన పడిందా?"

"ఆరుద్ర అంటే ఎవరు తాతా?" అంది మా అమ్మాయి.

అవతలి నుంచి కాసేపు మాట లేదు. తర్వాత "బాగా చదువుకోమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. ఆ రాత్రి అమ్మాయి మాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "తాతకూ నాకూ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఎప్పుడూ వాన పడిందా అని అడుగుతాడు, అంతే."

తప్పు అమ్మాయిది కాదు. ఆమెకు మేమే చెప్పలేదు. చెబుదామని కూర్చుంటే ఇరవై ఏడు కార్తెల పేర్లు వరుసగా మాకే రాలేదు. తెలుగు చెప్పే వాళ్ళమై ఉండీ ఇదీ మా పరిస్థితి! ఆ తర్వాత తాతను అడిగి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

కార్తె అంటే ఏమిటి?

అశ్విని, భరణి, కృత్తిక మొదలుకొని రేవతి దాకా నక్షత్రాలు 27 అని మీకు తెలుసు. భూమి మీద నుంచి చూసినప్పుడు సూర్యుడు ఏడాదిలో ఈ 27 నక్షత్రాల గుండా ప్రయాణిస్తున్నట్లు కనిపిస్తాడు. ఆయన ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె. 365 రోజులను 27తో భాగిస్తే సుమారు పదమూడున్నర వస్తుంది. అందుకే ఒక్కో కార్తె 13 లేదా 14 రోజులు ఉంటుంది.

చైత్రం, వైశాఖం అనే నెలలు ఉండగా రైతుకు ఈ కార్తెలు ఎందుకు? కారణం ఉంది. మన పండుగల నెలలు చంద్రుడి లెక్క ప్రకారం నడుస్తాయి. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఇలా ముందుకూ వెనక్కూ జరిగే తేదీలను నమ్ముకుని విత్తనం వేయలేం. ఎండ, వాన, చలి సూర్యుణ్ణి బట్టి వస్తాయి. కార్తెలూ సూర్యుణ్ణి బట్టే నడుస్తాయి కాబట్టి, ఒకటీ అరా రోజు తేడాతో ఏటా అదే తేదీకి వస్తాయి. మృగశిర ఎప్పుడూ జూన్ 7, 8 తేదీల్లోనే మొదలవుతుంది. నైరుతి రుతుపవనాలు జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, మామూలుగా వారం పది రోజుల్లో తెలుగు నేలకు చేరతాయి. రెండూ కలిసి రావడం గమనించారా? వాతావరణ శాఖ లేని రోజుల్లో కార్తెలే రైతుకు క్యాలెండరు.

ఎండ నుంచి తొలకరికి

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని సామెత. పొలంలో పని ఉండదు కానీ ఇంట్లో ఉంటుంది. మా వైపు ప్రధానమైన పంట వేరుశనగ. దాన్ని చెనక్కాయ అంటాం. విత్తనానికి దాచిన కాయలను ఈ రోజుల్లోనే ఒలవాలి. పొద్దుగూకగానే వాకిట్లో కాయలు కుప్ప పోసి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. ఇరుగుపొరుగు వాళ్ళూ వస్తారు. గింజ పైన ఎర్రపొర చిట్లకూడదు, చిట్లితే మొలకెత్తదు. పిల్లలకు శేరుకింత అని డబ్బులిస్తారు. చేతులు కాయలు ఒలుస్తుంటే నోళ్ళు కథలు చెబుతాయి. మా ఇంట్లో తెలిసిన కథల్లో సగం ఆ కుప్ప దగ్గర విన్నవే.

తాటిచెట్లున్న ఊళ్ళలో ఇది ముంజెల కాలం. ముంజెలు తినేశాక మిగిలిన బుర్రలకు పుల్ల గుచ్చి, పొడుగాటి కర్రకు తగిలిస్తే పిల్లలకు బండి తయారవుతుంది. అవ్వ మాత్రం ఆవకాయ జాడీల దగ్గర కాపలా ఉంటుంది. ఏడాదికి సరిపడా ఊరగాయ కదా!

మృగశిరతో ముంగిళ్ళు చల్లబడతాయి. తెలంగాణలో మృగశిర మొదలైన రోజు చేపలు తినడం ఆచారం. తినని వాళ్ళు ఇంగువ, బెల్లం కలిపి తింటారు. వాతావరణం ఒక్కసారిగా మారినప్పుడు ఒంట్లో వేడి నిలవాలని పెద్దలు చెబుతారు. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి పెట్టి దుక్కి మొదలుపెడతారు.

జూన్ 21, 22 తేదీలకు ఆరుద్ర వస్తుంది. నాలుగు చినుకులు పడగానే నేల మీద ఎర్రటి మఖమలు ముక్కల్లాంటి పురుగులు పాకుతాయి. వాటి పేరే ఆరుద్ర పురుగులు. మేము వాటిని అగ్గిపెట్టెలో మట్టి వేసి దాచుకునేవాళ్ళం. మీకు దొరికితే కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. అంటే అవి కీటకాలు కావు, సాలీడు జాతికి చెందినవి. చూశాక మళ్ళీ నేల మీదే వదిలేయండి.

పదునైన వాన పడితే గొర్రు కడతారు. తాత ఎద్దులను తోలితే వెనకాల జడ్డిగంలో గింజలు వదిలేది అవ్వ. చేతి లెక్క తప్పితే ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా మొలుస్తుంది. ఈ పనిలో అవ్వ చెయ్యి మంచిదని ఊరంతా పేరు. మధ్యలో కొన్ని కంది సాళ్ళు కూడా వేస్తారు. వేరుశనగ పోయినా కంది మిగులుతుందని ఆశ.

గంప ఎత్తే కార్తె

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటి. అది కూడా పడాల్సినప్పుడు పడాలి. వేరుశనగ పువ్వు నేల పైన పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది. పువ్వు రాలాక దాని నుంచి ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోతుంది. ఆ ఊడ చివరే కాయ అవుతుంది. నేల ఎండి గట్టిపడితే ఊడ దిగలేదు. మొక్క పచ్చగా ఉన్నా కాయ ఉండదు. ఊడలు దిగే సమయానికి ఆగస్టు రెండో సగంలో మఖ, ఆ తర్వాత పుబ్బ కార్తెలు నడుస్తుంటాయి. మఖ, పుబ్బ వరపయితే మీ అన్న సేద్యమూ నా సేద్యమూ మన్నే అని సామెత. వరపు అంటే వాన లేకపోవడం.

ఇక సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర కార్తె వస్తుంది. దీని గురించిన సామెత అన్నిటికంటే బరువైనది: ఉత్తర చూసి ఎత్తర గంప. ఉత్తరలో కూడా వాన రాకపోతే ఇక ఆశ లేదు, సామాన్లు గంపలో పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని పని ఉన్న చోటికి వలసపోవాలని అర్థం. నాలుగు మాటల్లో ఎన్ని కుటుంబాల కథ ఉందో చూడండి. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి బెంగళూరుకూ బొంబాయికీ పనులకు వెళ్ళిన వాళ్ళెందరో ఈ సామెత బతికిన వాళ్ళే.

పంట నుంచి పండుగకు

వాన కరుణించిన ఏడు సంగతి వేరు. వానలకు తంగేడు, గునుగు విరగబూస్తాయి. తెలంగాణలో ఆ పూలతోనే బతుకమ్మలు పేరుస్తారు. అక్టోబరు 24 ప్రాంతంలో స్వాతి కార్తె వచ్చేసరికి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. కోస్తాలో ఇది తుపానుల భయం ఉన్న కాలం కూడా. కోతకొచ్చిన వరి మునిగితే రైతు కూడా మునిగినట్లే. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న, అంటే విశాఖ కార్తె ముగిసే రోజుల్లో.

మా వైపు ఆ రోజుల్లో చెనక్కాయ పీకుతారు. చేలోనే కంప పోగేసి పచ్చికాయలను చెట్టుతోపాటు కాల్చి, బూడిద ఊదుకుంటూ తింటే ఆ రుచే వేరు. మూతులు నల్లబడితే ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడమే ఆట. డిసెంబరులో అనపకాయలు వస్తాయి. గింజలు నానబెట్టి, తోలు పితికి తీసి చేసే పితికిపప్పు తినాలంటే ఇంటిల్లిపాదీ కూర్చుని పితకాల్సిందే.

చలికాలం రాత్రులు పొలం పని తక్కువ. మగవాళ్ళు చెక్కభజన నేర్చుకునేది అప్పుడే. పగలంతా మేడి పట్టిన చేతులే రాత్రి చిరుతలు పట్టి తాళం తప్పకుండా అడుగులు వేస్తాయి. తాతకు చదువు రాదు, కానీ భజనపాటలు గంటసేపు ఆగకుండా పాడగలడు. ఆయనకు అదే సరదా.

ఉత్తరాషాఢ కార్తెలో సంక్రాంతి. ముగ్గులు, గొబ్బెమ్మలు, గంగిరెద్దులు మీకు తెలిసినవే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. అప్పుడు చింతపండు కాలం. చింతకాయలు కొట్టి గింజలు తీస్తుంటే పిల్లలు ఆ గింజలు ఏరుకుంటారు. వాటితో వామనగుంటలు, అష్టాచమ్మా ఆడతారు. ఆడుకునే వస్తువు కొట్లో కొన్నది కాదు, ఆ కార్తె ఇచ్చింది. ముంజెబండి ఎండాకాలంలోనే ఎందుకు, చింతగింజల ఆట మాఘ ఫాల్గుణాల తర్వాతే ఎందుకు జోరందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా!

పక్క బెంచీ స్నేహితుణ్ణి అడగండి

కార్తెలు మనకొక్కరికే ఉన్నాయనుకోకండి. మన పాఠశాలలో ఇన్ని రాష్ట్రాల పిల్లలు చదువుతున్నారు. కేరళ స్నేహితురాలిని 'ఞాట్టువేల' అంటే ఏమిటని అడగండి. అవీ 27 ఉంటాయి. మన ఆరుద్రే వాళ్ళ తిరువాతిర, అప్పుడు మిరియాల తీగలు నాటుతారు. కన్నడ రైతులు రోహిణి మళె, మృగశిర మళె అంటారు. మళె అంటే వాన. మహారాష్ట్రలో మృగ నక్షత్రం కోసం ఎదురుచూస్తారు. బీహారులో ఆద్రా నక్షత్రం రాగానే ఖీరు, పప్పు పూరీలు వండుకుంటారు. హస్త వానను హథియా అంటారు, వరికి అది ప్రాణం. మన ఆరుద్ర పురుగు హిందీలో బీర్ బహూటీ. జార్ఖండ్‌లో ఉన్నప్పుడు మా అమ్మాయి దాన్ని చూసి ఆ పేరే చెప్పింది. అది తాత చెప్పే ఆరుద్రేనని అప్పుడు ఆమెకు తెలియదు, చెప్పాలని మాకూ తోచలేదు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వేసవి సెలవుల్లో మనం చూసే ఊరు కృత్తిక, రోహిణి కార్తెల ఊరు మాత్రమే. ఇరవై ఏడింటిలో రెండు. తక్కిన ఇరవై ఐదు మన కోసం దాచిపెట్టుకుని తాతలూ అవ్వలూ ఫోన్ దగ్గర కూర్చుంటున్నారు. "వాన పడిందా?" అన్న ప్రశ్న వాన కోసం అడిగేది కాదు. "నేనున్న కాలంలోనే నువ్వూ ఉన్నావా?" అని అడగడం అది.

మేము ఒక చార్టు మీద 27 కార్తెల పేర్లు, తేదీలు రాసి గోడకు అంటించాం. ప్రతి ఆదివారం ఫోన్ చేసే ముందు అమ్మాయి దాన్ని చూసుకుంటుంది. పోయిన సెప్టెంబరులో తాత అడగకముందే తనే అడిగింది:

"తాతా, ఉత్తర వచ్చేసింది కదా. వాన పడిందా? మీరు గంప ఎత్తరు కదా?"

తాత చాలాసేపు నవ్వాడు. తర్వాత అన్నాడు: "మేమెక్కడికి పోతాం పాపా! గంప ఎత్తింది మీ నాయన కదా. చదువుల గంప. దాన్ని దించి ఒకసారి స్వాతిలో రమ్మను. చెనక్కాయలు కాల్చుకుందాం."

స్వాతిలో పాఠశాల ఉంటుంది. అయినా ఈసారి దసరా సెలవులు ఎప్పుడో, వాటికి ఎన్ని రోజులు కలుపుకోవచ్చో మేము లెక్క వేస్తున్నాం. మీరు కూడా ఈ ఆదివారం మీ ఊరికి ఫోన్ చేయండి. "ఇప్పుడు ఏ కార్తె?" అని ఒక్క ప్రశ్న అడగండి. తర్వాత మీరు మాట్లాడనక్కర్లేదు, వింటే చాలు.