పిక్క బిగువు సడలే మూడు నెలలు

గర్భంలోనో, కాన్పు వేళలోనో, పుట్టిన కొద్దికాలానికో ఎదుగుతున్న మెదడుకు హాని కలిగి, కదలికలూ శరీర భంగిమా అదుపు తప్పే స్థితిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. మెదడుకు జరిగిన హాని వయసుతో పెరగదు గానీ, ఎదిగే ఒంటి మీద దాని ప్రభావం ఏటేటా మారుతూ ఉంటుంది. ఈ పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది స్పాస్టిసిటీ, అంటే ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా ఎదురుతిరిగే కండరాల బిగువు. పిక్కలు ఇలా బిగుసుకుంటే మడమ నేలకు ఆనక బిడ్డ మునివేళ్ల మీద నడుస్తుంది. తొడల లోపలి కండరాలు బిగుసుకుంటే అడుగు తీసి అడుగు వేసేటప్పుడు కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ఈ బిగువును సడలించే బోట్యులినం టాక్సిన్, సరిగా నిల్వచేయని ఆహారంలో పెరిగే ఒక బాక్టీరియా నుంచి వచ్చే అతి తీవ్రమైన విషం. అమెరికా నేత్రవైద్యుడు అలన్ స్కాట్ దీన్ని మెల్లకన్నుకు మందుగా మలచగా 1989లో అక్కడి ప్రభుత్వ అనుమతి లభించింది. 1993లో ఆండ్రూ కోమన్ బృందం సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో దీన్ని వాడిన ఫలితాలను ప్రచురించింది. ముఖం మీది ముడతలకు వాడే బోటాక్స్ కూడా ఇదే.

నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడితేనే కండరం ముడుచుకుంటుంది. ఆ విడుదలకు కావలసిన ప్రొటీన్‌ను టాక్సిన్ తెంచివేస్తుంది కనుక, సూది వేసిన కండరం కొద్ది రోజుల్లో సడలడం మొదలై, నరం కొస కోలుకునేదాకా, అంటే సుమారు మూడు నెలలపాటు మెత్తబడి ఉంటుంది. మెదడులోని లోపాన్ని మాత్రం ఇది తాకదు.

ఇది సడలించగలిగేది కండరాల బిగువును మాత్రమే కనుక సూదికి ముందు జరిగే పరీక్ష కీలకం. వైద్యులు బిడ్డ పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి చూస్తారు, తర్వాత ఒక్కసారిగా వంచుతారు. నెమ్మదిగా వంచినప్పుడు లొంగి, వేగంగా వంచినప్పుడు మధ్యలో టక్కున ఆగితే అది సడలించదగిన బిగువు. ఎంత నిదానంగా వంచినా కదలకపోతే కండరమే కురచబడిందని అర్థం, అక్కడ టాక్సిన్ వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

అసలు చికిత్స సూది తర్వాతే మొదలవుతుందనడం అతిశయోక్తి కాదు. కండరం మెత్తబడిన ఆ వారాల్లోనే ఫిజియోథెరపిస్టు నేర్పిన సాగదీత వ్యాయామాలు ఇంట్లో రోజూ చేయించాలి, అవసరాన్నిబట్టి పిండికట్లు వేయాలి, పాదాన్ని సరైన కోణంలో నిలిపే ప్లాస్టిక్ స్ప్లింటు తొడగాలి. ఇవేవీ లేకుండా ఖరీదైన మందు ఒక్కటే వేయించి ఊరుకుంటే, ప్రభావం తీరగానే నడక పాత దారికే వచ్చే అవకాశం ఎక్కువ.

మోతాదును బిడ్డ బరువునుబట్టి, కండరాన్నిబట్టి నిర్ణయిస్తారు. సూది వేసిన చోట నొప్పి, తాత్కాలిక నీరసం సాధారణం. అరుదుగా మందు ఇతర భాగాలకు పాకి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది కనుక అలాంటి లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఒక కంపెనీ మందు యూనిట్లు మరో కంపెనీ మందు యూనిట్లతో సమానం కావు కాబట్టి, ఏ మందు, ఎన్ని యూనిట్లు, ఏ కండరంలో వేశారో తల్లిదండ్రులు ప్రతిసారీ రాయించుకొని దాచుకోవాలి.