కాలువగట్టున కలిసి నడుద్దాం

మన కోనసీమలో కొండ లేదు. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ గోదావరి ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. ఇక్కడ ఎత్తైన చోటంటే ఏటిగట్టు, కాలువగట్టు మాత్రమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ మధ్య డెల్టాకు కాలువల ద్వారా నీరందింది. ఐనవిల్లి పరిసరాలలో కుటుంబమంతా కలిసి నడవడానికి ఆ గట్లు చాలు.

దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధలో ఏకదైవారాధన, నమాజు, సహనంతో పాటు నడక ప్రస్తావన కూడా ఉంది. నేలపై గర్వంగా నడవరాదని, నడకలో మితం పాటించాలని ఆయన బోధించారు (31:18, 19). దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. అప్పుడు ఆమె గెలిచారు. కొంతకాలానికి మరో పందెంలో ఆయన గెలిచి, నాటి ఓటమికి ఇది బదులని చిరునవ్వుతో అన్నారు.

ఇవన్నీ ఏళ్ల తరబడి మద్రసాలో బోధించిన నేను నా ఇంట ఆచరించలేదు. కుమారునితో నా సంభాషణ రెండు ప్రశ్నలే: "తిన్నావా? నమాజు చేశావా?" అతనికి గల్ఫ్ వీసా వచ్చిన తర్వాత, నా సహధర్మచారిణి సలహాపై ఫజ్ర్ నమాజు అనంతరం నలుగురం ముక్తేశ్వరం రేవు వైపు నడవసాగాము. రెండు రోజులు మౌనమే. మూడవనాడు తల వంచుకుని నడుస్తూనే అన్నాడు: "అబ్బా, నేను వెళ్లాలని మీ కోరిక కదా అని ఒప్పుకున్నాను."

నేను నిలిచిపోయాను. వెళ్లాలన్నది అతని కోరికే అనుకుని నేనూ ఒప్పుకున్నాను! చెల్లెలి పెళ్లి, ఇంటి అప్పు, అతని భయం, అన్నీ ఆ గట్టు మీదే మాట్లాడుకున్నాము. చివరకు అతను వెళ్లాడు. కానీ రెండేళ్ల గడువు పెట్టుకుని, తన ఇష్టంతో వెళ్లాడు.

ఎదురెదురుగా కూర్చుంటే తండ్రి ప్రశ్నించేవాడవుతాడు, కొడుకు జవాబు చెప్పుకునేవాడవుతాడు. పక్కపక్కన నడిస్తే ఇద్దరూ బాటసారులే.

కనుక వారానికొక ఉదయమైనా ఇంటిల్లిపాదీ బయలుదేరండి. ఫోన్లు ఇంట్లోనే ఉంచండి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే అందరి వేగం కావాలి. దారిలో ముల్లు కనిపిస్తే పిల్లలచేత తీయించండి. బాట నుండి హాని తొలగించడం విశ్వాసంలో భాగమని హదీసు. ఆ దారిలో ఉపన్యాసాలు మాత్రం వద్దు. వినండి.

మన ఇళ్లలోని మౌనాన్ని అల్లాహ్ ప్రేమగా మార్చుగాక! ఆమీన్.